జర్మన్ స్కోపుకి పెట్టిన బొట్టు

ఆ అద్దం మీద బొట్టు పెట్టింది నేను కాదు. అన్నిటికంటే ముందు ఈ మాట రాయమన్నాను. మా వీధిలో ఉండే టీచరమ్మ రాస్తోంది, నేను చెబుతున్నాను. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నా మాటలను పుస్తకంలో ఉండే తీరుకు దిద్దుతానంది ఆమె. "దిద్దు టీచరమ్మా, గానీ నా కోపం మాత్రం దిద్దకు" అన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు.

నాచారం ఫ్యాక్టరీల మధ్య సందులో రేకుల షెడ్డు ఒకటి ఉంది. అక్కడ అద్దాలు సానపడతారు. రోడ్లు కొలిచేవాళ్లు మూడు కాళ్ల మీద నిలబెట్టి చూసే దుర్బీన్ల అద్దాలు, కాలేజీ పిల్లలు పురుగుల్ని చూసే యంత్రాల అద్దాలు అక్కడే తయారవుతాయి. పక్కన ఒక చిన్న గది ఉంది. అందులో తుపాకీ మీద బిగించే దుర్బీన్లు బాగుచేస్తారు. వాటిని స్కోపులంటారు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చి, గుండు ఎక్కడ తగలాలో అక్కడ ఒక గుర్తు చూపిస్తాయి. అంతే వాటి పని.

మా ఆయన ఆ షెడ్డులోనే పాలిషింగ్ మిషన్ మీద పనిచేశాడు. తారులాంటి నల్లటి పలక మీద ఎర్ర పొడి నీళ్లు చల్లుతూ అద్దాన్ని తిప్పుతూ ఉండాలి. ఆ ఎరుపు గోళ్లలోకి దిగిపోయేది. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. పెళ్లిచూపుల్లో మా అమ్మ అతని చేతులు చూసి, పిల్లోడు పాన్ బాగా నములుతాడేమోనని నన్ను వంటింట్లోకి పిలిచి మరీ అడిగింది. ఆ మనిషి వక్కపలుకు కూడా ముట్టేవాడు కాదు.

ఒక పొద్దున మిషన్ దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. పెద్దకర్మ అయ్యాక షెడ్డు సారు మా ఇంటికి వచ్చాడు. ఆయన కోస్తా వైపు మనిషి, ఇంజనీరు, మాట మెత్తన. "ఆయన స్టూలు ఖాళీగా ఉందమ్మా. నువ్వొచ్చి కూర్చో. అద్దాలు తుడిచే పని నేర్పిస్తాం" అన్నాడు. ఆ మాటకు అప్పట్లో నేను చేతులెత్తి దండం పెట్టాను. ఉప్పల్ నుంచి హబ్సిగూడకు ఒక ఆటో, అక్కడి నుంచి నాచారానికి ఇంకొక ఆటో. మోకాళ్లు ఆటోల్లోనే అరిగిపోయాయి. అయినా ఆ స్టూలు మీద కూర్చుంటే చాలు, ఊపిరి ఆడేది. చెక్క స్టూలు. ఒక కాలు కింద మా ఆయన రబ్బరు ముక్క పెట్టి కొట్టిన మేకు ఇప్పటికీ ఉంది.

తుడిచే పని నేర్పాల్సిన అవసరం పడలేదు. ఆయన ఇంట్లో నా కళ్లద్దాలు తుడిచినప్పుడల్లా చూసిందే. ముందు గాలి ఊదాలి. పుల్లకు చుట్టిన దూదిని స్పిరిట్‌లో తడిపి, నడిమి నుంచి అంచుకు ఒక్కసారి లాగాలి. ఆ దూది పారెయ్యాలి. రెండోసారికి రెండో దూది. అద్దాన్ని రుద్దకూడదు. ఇల్లు అలికినట్టు అలకకూడదు.

అక్కడికి వచ్చే స్కోపుల్లో చాలామటుకు జర్మనీవి. ఇప్పటివైతే నల్లగా, మెత్తటి నలుపుతో, చేతికి బరువుగా ఉంటాయి. పెట్టె తెరిస్తే లోపల వాటి ఒళ్లు ఎంతుందో అంతే గుంత తీసిన మెత్త. అలాంటి పరుపు నేను పుట్టాక ఎన్నడూ ఎరగను. ఒక కడియం తిప్పితే దూరంగా ఉన్నది ఇంకా ఇంకా దగ్గరికి వస్తుంది. ఇంకోటి తిప్పితే నడిమధ్య చిన్న ఎర్ర చుక్క వెలుగుతుంది. ముందరి అద్దం చాయ్ గ్లాసు నోరంత వెడల్పు. అక్కడివాళ్లు పొద్దుగూకే వేళ అడవిలో మంచె మీద కూర్చుని వేటాడతారట, ఆఖరి వెలుతురు చుక్క కూడా పోకుండా పట్టుకోవడానికి అంత పెద్ద అద్దం పెడతారట. సారు చెప్పాడు. మన దగ్గర వేట బంద్. అయినా పోటీల్లో కాల్చేవాళ్లు తెస్తారు. చేలు తవ్వేసే అడవి పందుల్ని కాల్చడానికి సర్కారు పిలిపించే లైసెన్సు మనుషులు తెస్తారు.

స్కోపులు విప్పి బిగించే ఫిట్టరు ఒకడున్నాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినె అంటాడు. కొత్త స్కోపు బిగించినప్పుడల్లా ముందు నాకే ఇస్తాడు.

"సూడు వదినె, దీంట్ల సూస్తే మా అత్త మొఖం గూడ మెరుస్తది."

"మీ అత్త సూస్తే నీ మొఖం ఎట్ల కనబడ్తదో గది సూస్కో ముందు" అనేదాన్ని.

నిరుడు బతుకమ్మ పండుగకు కొంచెం ముందు, అంబర్‌పేట్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. టిఫిన్ డబ్బా సంచిలో నుంచి తువ్వాలు మూట తీశాడు. తువ్వాలు లోపల బనియన్ గుడ్డ, దాని లోపల ఒక పాత స్కోపు. ఇప్పటివాటిలా కాదు. సన్నటి ఉక్కు గొట్టం, నలుపు పోయిన చోట తుప్పు. వాళ్ల నాయన పెద్ద యుద్ధంలో సముద్రం దాటి పోయిన సిపాయి. ఓడిపోయిన జర్మనీవాళ్ల తుపాకీ మీద నుంచి దీన్ని ఊడదీసి తెచ్చుకున్నాడట.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. తయారు చేసిన వాళ్ల పేరు లేదు. మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పక్కన ఏదో గుర్తు. యుద్ధం రోజుల్లో ఏ ఫ్యాక్టరీ ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదని పేరు బదులు అక్షరాలు కొట్టేవాళ్లని సారు చెప్పాడు. ఆ గుర్తేమో, మంచులో కూడా గడ్డకట్టని గ్రీజు పూశామని చెప్పేదట. మంచుకు ఆగే గ్రీజు దాకా ఆలోచించిన వాళ్లకు తమ పేరు రాసుకునే ధైర్యం లేకపోయింది. నాకు అప్పుడే ఒళ్లు మండింది. మా ఆయన చేసిన అద్దాల మీద కూడా ఆయన పేరు లేదనుకోండి. కానీ ఆయన భయపడి దాచుకోలేదు. ఎవరూ రాయలేదు, అంతే.

ముసలాయన సారుతో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది.

"మా నాయిన ఇంట్ల ఉంచుకున్న తుపాకి ఎప్పుడో సర్కారుకు అప్పజెప్పిన సారూ. నాకు కాల్చేది లేదు, సంపేది లేదు. మా నాయిన మిద్దె మీద నిలవడి దీంట్లకెల్లి మూసీ అవుతలి తాటిచెట్టు మట్టలు జూపిస్తుండె. నేను సిన్నగున్న. గిప్పుడు సూస్తే అంత పొగనే. ఒక్కసారి మా నాయిన సూసినట్టు సూడాలె. అంతే."

ఫిట్టరు విప్పాడు. లోపలి గ్రీజు ముదిరిన బెల్లం పాకంలా ఉంది. రెండు అద్దాల్ని అతికించిన జిగురు అంచుల్లో పసుపు తిరిగింది. సారే కూర్చుని ఆ జిగురు కరిగించి మళ్లీ అతికించాడు. తుడిచింది నేను. సారు మరీ మరీ చెప్పాడు, పైన సన్నగా నీలి ఛాయ కనబడుతుంది చూడు, అది అద్దం మీద పూత, ఆ రోజుల్లో కొత్తగా కనిపెట్టింది, ఇప్పటి పూతల్లా గట్టిది కాదు, పాల మీద మీగడ అనుకో అని. అలాగే అనుకుని తుడిచాను.

అయ్యాక ఫిట్టరు నా చేతికిచ్చాడు. కిటికీలో నుంచి చూశాను. ఎదురుగా చాయ్ బండి. స్కోపు లోపల కింది నుంచి ఒక లావు కడ్డీ, మేకులాగా మొన తేలి పైకి లేచి ఉంది. అటూ ఇటూ రెండు అడ్డ కడ్డీలు. ఆ మొన వెళ్లి చాయ్ పోసే మనిషి మెడ మీద ఆగింది. అతను ఎవరితోనో నవ్వుతూ గ్లాసు కడుగుతున్నాడు. అతని మెడ మీద చెమట కనబడింది. నేను చటుక్కున కన్ను తీసేశాను. అతను నన్ను చూడలేదు. యుద్ధంలో కూడా అవతలి మనిషి ఇలాగే చూసి ఉండడు. దీనిలో నుంచి ఎంతమందిని చూశారో, చూసినవాళ్లలో ఎంతమంది ఆ పూట అన్నం తిన్నారో.

స్కోపును అల్మారాలో పెట్టాం. ముసలాయన పండుగ పోయాక వచ్చి తీసుకుంటానన్నాడు.

ఇప్పుడు దసరా సంగతి. ఆ రోజు షెడ్డులో ఆయుధ పూజ. ముందు రోజే మిషన్లన్నీ కడిగి తుడుస్తాం. పండుగ పొద్దున ప్రతి మిషనుకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు, నిమ్మకాయలు కట్టి, బూడిద గుమ్మడికాయ కొడతారు. స్క్రూడ్రైవర్లు, ఆకురాళ్లు అన్నీ ఎర్ర గుడ్డ మీద పేర్చి దండం పెడతారు. పూజ సారు భార్య చేతుల మీదుగా జరుగుతుంది. షెడ్డులో లెక్కలు చూసేది కూడా ఆమే. మేడం అంటాం.

నేను పనిలో చేరిన మొదటి దసరాకు, ముందు రోజు మిషన్లు కడిగి కొంగు పిండుకుంటుంటే మేడం దగ్గరికి వచ్చింది. "రేపు నీకు సెలవులే" అంది. గొంతులో తేనె. "నాకెందుకమ్మా సెలవు, నేనూ వస్త" అన్నాను. ఆమె ఫిట్టరు వంక చూసింది. ఫిట్టరు పైకప్పు వంక చూశాడు. అప్పుడు అర్థమైంది. కుంకుమ గిన్నె ఉన్న చోట మొగుడు చచ్చిన ఆడది ఉండకూడదు. మిషన్ కడగడానికి పనికొచ్చిన చేయి, దానికి బొట్టు పెట్టే రోజు పనికిరాదు. ఏ మిషన్? మా ఆయన మిషన్. ప్రతి ఏడూ ఆయన ఇంటి నుంచి బంతిపూలు తీసుకెళ్లి దండ వేసిన మిషన్. ఆ పూలు గుచ్చింది నేను.

అప్పటి నుంచి ప్రతి దసరాకూ అదే మాట, అదే తేనె. నిరుడూ అంతే. ఇంట్లో కూర్చుని టీవీ పెట్టుకున్నాను, చూడలేదు.

పండుగ అయ్యాక షెడ్డుకు వెళ్తే ఫిట్టరు నా మొహం చూడడం లేదు. అల్మారా తెరిచాను. పాత స్కోపు చేతిలోకి తీసుకున్నాను. ముందరి అద్దం నడుమ బొటనవేలి గోరంత గుండ్రని మచ్చ. నీలి ఛాయ అక్కడ లేదు. ఇసుక పెట్టి తోమినట్టు సన్నటి గీతలు. అంచున ఇంకా ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. వాసన చూశాను. పసుపు.

"ఎవలు పెట్టిన్రు?" అన్నాను.

ఫిట్టరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం పెట్టింది వదినె. ఆయుధ పూజ అంటరు గద, మన షెడ్డుల యుద్ధం జూసిన ఆయుధానిది గిదొక్కటే, దీన్కే బొట్టు లేకపోతే ఎట్ల అన్నది. గుండ్రంగ, సల్లగ, నొసలు లెక్కనే ఉండె. పసుపు మెత్తి నడుమ కుంకుమ పెట్టింది."

"నువ్వేం జేస్తున్నవ్ గప్పుడు?"

"గుమ్మడికాయ వట్కొని నిలవడ్డ."

"నోట్ల గూడ గుమ్మడికాయ ఉండెనా?"

మిగతాది కూడా అతనే చెప్పాడు. బొట్టు ఎండాక సారు చూశాడట. గాబరాపడి జేబురుమాలుతో గట్టిగా రుద్దాడట. అంతే, అక్కడి పూత మొత్తం వచ్చేసింది. పూత గురించి నాకు మరీ మరీ చెప్పిన మనిషే ఆయన. భయం పడితే ఎవరికైనా చేతులు అలాగే ఆడతాయి, దానికి నేను తప్పుపట్టను. తర్వాత చేసిన దానికి పడతాను.

ముసలాయన వచ్చాడు. సంబరంగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. స్కోపు కంటికి పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి దించాడు. అద్దం కేసి చూశాడు.

"ఏంది సారూ, గీ మచ్చ? పొగ పోయింది గానీ మళ్ల మబ్బు గమ్మింది."

సారు మొహం తెల్లబోయింది. మేడం కౌంటర్ వెనక కంప్యూటర్‌లోకి వంగింది. సారు చేయి ఎత్తి నన్ను చూపించాడు. "మా క్లీనింగ్ ఆవిడ పొరపాటండీ. చదువు లేని మనిషి. పసుపు కుంకుమ అంటించి గట్టిగా రుద్దేసింది."

నా గొంతు మామూలుగానే బొంగురు. బజారులో పిలిస్తే పక్క వీధి తిరిగి చూస్తుంది. ఆ పూట మాత్రం ఆ గొంతు బదులు నా చేతిలోని దూది పుల్ల విరిగింది. ముసలాయన నా చేతుల వంక చూసి, "గీ చేతులతోటి ఇంక అద్దాలు ముట్టనియ్యకుండ్రి" అని, స్కోపు అక్కడే పెట్టి, ఏదో ఒకటి చేయండని వెళ్లిపోయాడు.

సారు నన్ను లోపలికి పిలిచాడు. "కొన్నాళ్లు ప్యాకింగ్ చూడమ్మా. అట్టపెట్టెలు సర్దు. మేడం పేరు బయటికొస్తే కస్టమర్ల ముందు బాగుండదు కదా. నీ పని ఎక్కడికీ పోదు. ఒక్క మాట పడితే నీకేం పోయింది?"

నీకేం పోయింది! ఆ మాట పట్టుకుని ఉప్పల్ దాకా ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆటోలో పక్కన కూర్చున్న ఆమె, "ఏమైందక్కా, ఒక్కదానివే మాట్లాడుకుంటున్నవ్" అని అడిగింది కూడా. నాకు ఏం పోయిందో చెబుతాను. మొగుడు పోయాడు. నుదుటి మీద బొట్టు తుడిచారు, నలుగురి ముందు, నీళ్లు పోసి. గాజులు పోయాయి. పేరంటాలు పోయాయి. మిగిలింది ఆ స్టూలు ఒక్కటి, నా చేయి మంచిదన్న మాట ఒక్కటి. ఆ రెండూ కూడా మీ మేడం పరువు కింద చాపలా పరుచుకుంటానంటే, ఇంకా నన్నే అడుగుతావా, ఏం పోయిందని?

ప్యాకింగ్‌కు వెళ్లాను. వెళ్లకపోతే తిండి ఎక్కడిది. నా స్టూలు మీద కొరియర్ డబ్బాలు పెట్టారు. రోజూ వాటిని దించి, తుడిచి, అక్కడే మళ్లీ పెట్టేదాన్ని. 

ముసలాయన మళ్లీ వచ్చాడు. ముందరి అద్దం తీసేసి కొత్తది వేస్తామని, ఇంకా బాగా కనబడుతుందని సారు చెబుతున్నాడు. ముసలాయన వద్దంటున్నాడు. "కొత్త అద్దం ఏస్తే గది మా నాయిన సూసినది ఎట్లయితది?" మేడం చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఈసారి జాగ్రత్తగా చేయిస్తామండీ. ఆవిడని ఆ పని నుంచి తీసేశాం" అంది.

అట్టపెట్టె నా చేతిలో నుంచి జారింది. జారిందో, పడేశానో. వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"పెద్దసారూ, జర ఆగుండ్రి. నా మొఖం సూడుండ్రి. నొసట్ల బొట్టున్నదా?"

ఆయన తడబడ్డాడు. "లేదు బిడ్డా."

"దసరా నాడు నన్ను గీ గేటు లోపటికి రానియ్యరు. కుంకుమ గిన్నె నాకు తాకొద్దంటరు. ఎందుకో మీకు ఎర్కే. మరి మీ అద్దం మీద కుంకుమ నా చేతికెల్లి ఎట్ల వడ్డది? సారును అడుగుండ్రి. మేడంను అడుగుండ్రి. రెండిట్ల ఒకటే నిజం గావాలె. ముట్టొద్దన్నది నిజమైతే నేను పెట్టలే. నేను పెట్టిననేది నిజమైతే, వచ్చే దసరాకెల్లి నేనే పెడత, గిన్నె నాకియ్యుండ్రి!"

నా గొంతు రేకులకు తగిలి వెనక్కి వచ్చింది. అవతల పాలిషింగ్ మిషన్ మీదున్న మనిషి మిషన్ ఆపాడు. సారు నోరు తెరిచి, "అమ్మా, కస్టమర్ ముందు..." అన్నాడు.

"కస్టమర్ ముందుటనే గద సారూ నన్ను అన్నరు!"

అప్పుడు ఫిట్టరు, కూర్చున్న చోటి నుంచే, నేలకేసి చూస్తూ అన్నాడు. "వదినె ఆ దినం రాలేదు పెద్దసారూ. నేనున్న. పెట్టంగ సూసిన."

మేడం మొహం ఎర్రబడింది. "మంచి జరగాలనే పెట్టానండీ. దేవుడి దగ్గర చేసినదానికి ఇంత రాద్ధాంతమా?" అంది. తప్పు అనలేదు. ఇప్పటికీ అనలేదు.

ముసలాయన చాయ్ గ్లాసు దూరం జరిపాడు. "మా అమ్మ గూడ పెడ్తుండె దసరాకు. తుపాకి కట్టెకు పెడ్తుండె తల్లీ. కంట్ల పెట్టకపోతుండె" అన్నాడు మేడంతో, నెమ్మదిగానే. తర్వాత స్కోపు తీసుకుని కిటికీలో నుంచి చాలాసేపు చూశాడు. "ఎదురు రేకుల మీద పావురం కనబడుతున్నది. జర మబ్బుగ. సాలు. గిట్లనే తీస్కపోత." తువ్వాలులో చుట్టుకుంటూ నా వైపు తిరిగాడు. "నీ చేతులను అన్న మాట వాపస్ తీస్కుంటున్న బిడ్డా."

ఆ మాట ఆయన ఒక్కడే అన్నాడు. ఆయన చేసిన తప్పు అందరికంటే చిన్నది.

ఆ సాయంత్రం సారు స్వయంగా డబ్బాలు దించి స్టూలు ఖాళీ చేశాడు. "కూర్చోమ్మా, ఇక అయిపోయింది కదా" అన్నాడు.

"ఎక్కడైపోయింది సారూ? దసరా సంగతి చెప్పలే. పూజ నాడు గేటు తెరుస్తరా?"

"అది మేడంని అడగాలమ్మా."

"అడుగుండ్రి. నేను అల్మారా తాళం గూడ అడుగుతున్న. పూజ నాడు స్కోపుల అల్మారా తాళం నా కొంగుకు ఉంటది."

ఏం అడిగాడో, ఆమె ఏమందో నాకు తెలియదు. మొన్న దసరాకు ముందు రోజు మిషన్లు కడిగాక సారు వచ్చి అల్మారా తాళం చెవి నా చేతిలో పెట్టి వెళ్లాడు. మేడం వచ్చి రేపు సెలవని అనలేదు. రమ్మని కూడా అనలేదు. పొద్దున బంతిపూల దండ పట్టుకుని ఆటో ఎక్కాను. గేటు దగ్గర వాచ్‌మన్ నా వంక, లోపలి వంక చూసి పక్కకు జరిగాడు. నేను నేరుగా వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. మేడం పళ్లెం పట్టుకుని మిషన్ మిషన్‌కూ తిరిగింది. మా ఆయన మిషన్ దాకా వచ్చి ఆగింది. నన్ను చూడలేదు. కుంకుమ గిన్నె నా పక్కన బల్ల మీద పెట్టి, ఫోన్ వచ్చిందని చెవిన పెట్టుకుని బయటికి వెళ్లింది. ఫోన్ మోగడం నేను వినలేదు.

మిషన్‌కు దండ వేశాను. పసుపు రాసి బొట్టు పెట్టాను, మోటారు మూత మీద, మా ఆయన పెట్టే చోటే. తర్వాత స్కోపుల అల్మారా దగ్గరికి వెళ్లాను. లోపల కొత్త జర్మన్ స్కోపులు వాటి పరుపుల మీద పడుకుని ఉన్నాయి. తలుపు మూసి ఉంది. తాళం చెవి నా కొంగున ఉంది.

బొట్టు తాళం కప్పకు పెట్టాను.